కొండెక్కితే ఎండ తగ్గుతుందా?

నెల్లూరు జిల్లా ఉదయగిరి దుర్గం సుమారు 3,000 అడుగుల ఎత్తు. శ్రీకృష్ణదేవరాయలంతటివాడు కూడా ఏడాదికి పైగా ముట్టడించి, 1514లో గానీ దీన్ని గజపతుల నుంచి గెలుచుకోలేకపోయాడు. ఎక్కి చూస్తే ఎందుకో తెలుస్తుంది!

పైకెక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కదా, మరి గాలి చల్లబడుతుందేం? సూర్యుడున్నది 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో. మనం ఎక్కేది కిలోమీటరు కూడా కాదు. అసలు కారణం వేరు. ఎండ గాలిని నేరుగా పెద్దగా వేడి చేయదు. ముందు నేల కాగుతుంది, నేల వల్ల గాలి వేడెక్కి పైకి లేస్తుంది. పైన ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ గాలి వ్యాకోచిస్తుంది. అందుకు తనలోని శక్తినే ఖర్చు చేసి చల్లబడుతుంది. సగటున కిలోమీటరు ఎత్తుకు 6.5 డిగ్రీలు తగ్గుతుంది.

బండరాళ్లు మాత్రం ఈ లెక్క వినవు. మధ్యాహ్నానికి కాళ్లు కాలతాయి. అందుకే తెల్లవారుజామునే బయల్దేరాలి.

సముద్రం ఉన్న జిల్లాలో ఇంత ఎండుకొండలేమిటి? నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేస్తాయి. ఇక్కడ ఎక్కువ వాన అక్టోబరు, డిసెంబరు మధ్యనే. వేసవిలో వెళితే నీళ్లు మోసుకుపోవాల్సిందే.