తెరమీది యుద్ధ విమానం: దాని పురుగులు, మన కోరికలు

విజ్ఞానశాస్త్రం చదివే విద్యార్థికి, వెతికే ఓపిక ఉంటే ఆటలో కూడా పాఠం దొరుకుతుంది. కంప్యూటర్ తెర మీద యుద్ధ విమానాన్ని నడిపించే సిమ్యులేటర్ అటువంటి ఆటే. మన హాస్టల్ గదుల్లో దీన్ని ఆడే మిత్రుల నోట రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. ఒకటి: "దీంట్ల బగ్ ఉందిరా, తూటా సక్కగ తాకింది గని విమానం కూలలే." రెండవది: "అన్ని దేశాల విమానాలు పెడుతరు, మన తేజస్ ఎందుకు పెట్టరు?" మొదటిది ఫిర్యాదు, రెండవది కోరిక. ఈ రెండింటి వెనుక ఎంత గణితం, ఎంత భౌతికశాస్త్రం దాగి ఉన్నాయో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బగ్ అంటే పురుగు. పురుగు అంటే ఏమిటో మా వంటి రైతు బిడ్డలకు వేరే చెప్పనక్కరలేదు. పత్తి కాయలో గులాబీ పురుగు చేరితే కాయ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. పగిలేదాకా లోపలి నష్టం తెలియదు. ప్రోగ్రాములోని పురుగు కూడా అంతే. నూరుసార్లు విమానం చక్కగా ఎగురుతుంది, నూటొకటోసారి గానీ పురుగు బయటపడదు.

సిమ్యులేటర్ ఎందుకు పుట్టింది?

ఇది ఆట కోసం పుట్టిన వస్తువు కాదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన కుటుంబానికి ఆర్గన్ వాయిద్యాలు చేసే కర్మాగారం ఉండేది. ఆ వాయిద్యాల్లో వాడే గాలితిత్తులతోనే ఆయన 1929లో, నేల మీద కూర్చుని విమానం నడపడం నేర్చుకునే యంత్రాన్ని తయారుచేశాడు. మొదట దాన్ని సంతల్లో వినోదం కిందనే చూశారు. 1934లో సైనిక పైలట్లు తపాలా మోస్తూ, మబ్బుల్లో దారి తెలియక వరుసగా ప్రాణాలు పోగొట్టుకున్నాక, అమెరికా సైన్యం ఆ యంత్రాలను ఆరింటిని కొన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లక్షల మంది వైమానికులు వాటి మీదనే తర్ఫీదు పొందారు.

మనకు ఈ సంగతి దూరపుది కాదు. దుండిగల్‌లోని వైమానిక దళ అకాడమీ మనకు కొద్ది దూరంలోనే ఉంది. 2009 జూలైలో హెచ్‌పీటీ-32 శిక్షణ విమానం మెదక్ జిల్లాలో కూలి ఇద్దరు పైలట్లు మరణించారు. ఆ తర్వాత ఆ రకం విమానాలను శిక్షణ నుంచి తప్పించారు. 2023 డిసెంబర్ 4 ఉదయం దుండిగల్ నుంచి లేచిన పిలాటస్ శిక్షణ విమానం తూప్రాన్ దగ్గర కూలిపోయింది. అందులో ఒకరు శిక్షకుడు, ఒకరు విద్యార్థి. ఇద్దరూ దక్కలేదు. ఆ వార్త వచ్చిన నాడు మా బాపు అన్న మాట: "నీ డబ్బాల విమానం కూలితే మల్ల లేస్తది. గా పిల్లగాడు మల్ల లేస్తడా?"

సిమ్యులేటర్ విలువంతా ఆ ప్రశ్నలోనే ఉంది. నేల మీద వందసార్లు కూలి నేర్చుకున్నది ఆకాశంలో ఒక్కసారి పనికొస్తే చాలు. అయితే నేల మీది యంత్రం తప్పు నేర్పితే? నిజమైన విమానం సుడి తిరిగే చోట తెరమీది విమానం తిన్నగా పోతే, ఆ చేతికి తప్పు అలవాటు పడుతుంది. తప్పు శిక్షణ అసలు శిక్షణ లేకపోవడం కంటే ప్రమాదం. కాబట్టి సిమ్యులేటర్‌లోని పురుగును చిన్నచూపు చూడరాదు.

లోపల జరిగేది ఏమిటి?

విమానం మీద పనిచేసే బలాలు ముఖ్యంగా నాలుగు: బరువు, పైకెత్తే బలం, ఇంజను ముందుకు తోసే బలం, గాలి వెనక్కి లాగే బలం. పైకెత్తే బలం గాలి సాంద్రత మీద, రెక్క వైశాల్యం మీద, వేగం వర్గం మీద ఆధారపడుతుంది. వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగింతలు అవుతుంది. 6 కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత నేల దగ్గర ఉన్నదానిలో సుమారు సగమే గనుక, అక్కడ రెక్కకు పట్టు తక్కువ.

ఇవిగాక ఇంకొకటి ఉంది: గాలికి రెక్క ఎంత వాలులో ఎదురు నిలిచిందనే కోణం. దీన్ని నాగలితో పోల్చవచ్చు. మేడిని కొంచెం ఎత్తితే కర్రు లోతుకు దిగి దుక్కి బాగా సాగుతుంది. మరీ ఎత్తితే కర్రు దిగబడి ఎడ్లు నిలిచిపోతాయి. రెక్క కూడా కోణం పెరిగేకొద్దీ ఎక్కువ ఎత్తుతుంది. మామూలు రెక్కకు సుమారు 15 డిగ్రీలు దాటేసరికి పైభాగాన గాలి అంటి పారక విడిపోతుంది, ఎత్తే బలం హఠాత్తుగా పడిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు.

సిమ్యులేటర్ ఏం చేస్తుందంటే, ఏ కోణానికి, ఏ వేగానికి ఎంత బలం ఉంటుందో పట్టికలు దగ్గర పెట్టుకుని, సెకనుకు 60 సార్లో అంతకంటె ఎక్కువసార్లో బలాలన్నీ లెక్కకడుతుంది. న్యూటన్ రెండవ సూత్రంతో త్వరణం, దాని నుంచి వేగం, దాని నుంచి స్థానం కనుక్కుంటుంది. నిజమైన కాలం ఏరులాగ ఎడతెగక పారుతుంది. కంప్యూటర్ కాలం మాత్రం గడియారపు ముల్లులాగ గెంతుతుంది. చాలా పురుగులు ఆ గెంతుల మధ్య సందుల్లోనే కాపురం ఉంటాయి.

నాలుగు రకాల పురుగులు

మొదటిది తగలని తూటా. తూటా సెకనుకు 800 మీటర్లు పోతుందనుకుందాం. సెకనుకు 60 లెక్కలంటే, ఒక లెక్కకూ ఇంకో లెక్కకూ మధ్య తూటా 13 మీటర్లకు పైగా గెంతుతుంది. గొర్రుతో విత్తనం వేసినప్పుడు సాలులో గింజకూ గింజకూ ఎడం ఉన్నట్టు, తూటా కూడా 13 మీటర్లకు ఒకచోట మాత్రమే "ఉంటుంది". శత్రు విమానపు దేహం మీటరున్నర వెడల్పే అయితే అది రెండు గింజల మధ్య హాయిగా ఇమిడిపోతుంది. మన కంటికి తూటా తాకింది, కంప్యూటర్ లెక్కకు తాకలేదు. దీనికి విరుగుడు, తూటా ఉన్న బిందువును కాక, రెండు బిందువులను కలిపే గీతను పరీక్షించడం. ఇది ఇంటర్మీడియట్‌లో చదివిన రేఖాగణితమే.

రెండవది నేల మీద గంతులేసే విమానం. రన్‌వే మీద ఊరికే నిలబెట్టిన విమానం ఒక్కసారిగా వణికి ఆకాశానికి ఎగిరిపోవడం కొందరు చూసే ఉంటారు. చక్రాల కాళ్లలో గట్టి స్ప్రింగులు ఉంటాయి. బి.ఎస్‌సి. గణితంలో మనం నేర్చుకునే ఆయిలర్ పద్ధతిని మోటుగా వాడితే, స్ప్రింగు ఊగిన ప్రతిసారీ లెక్కలో కొంచెం శక్తి అదనంగా పుడుతుంది. ప్రకృతి ఎవరికీ అప్పివ్వని శక్తిని ఈ పద్ధతి ఊరికే ఇచ్చేస్తుంది. కాలపు గెంతును చిన్నది చేయాలి, లేదా మెరుగైన పద్ధతి వాడాలి.

మూడవది నిట్టనిలువుగా లేచినప్పుడు దిక్కు తప్పడం. విమానపు నిలకడను మూడు కోణాలతో చెప్పవచ్చు: ముక్కు ఏ దిక్కుకు ఉంది, ఎంత పైకి లేచింది, రెక్కలు ఎటు వాలాయి. ముక్కు సరిగ్గా 90 డిగ్రీలు లేస్తే మొదటి కోణం, మూడవ కోణం ఒకటే అయిపోతాయి. సమీకరణంలో కొసైన్ 90, అనగా సున్నాతో భాగించవలసి వస్తుంది. యుద్ధ విమానం నిట్టనిలువుగా లేవకుండా ఉండదు గదా! దీనికి మందు చాలా పాతది. ఐర్లండు గణితవేత్త హామిల్టన్ 1843 అక్టోబర్ 16న డబ్లిన్‌లో కాలువ గట్టున నడుస్తుండగా నాలుగు భాగాల సంఖ్యల సూత్రం తట్టి, దాన్ని అక్కడి వంతెన రాయి మీదే చెక్కాడు. ఆ క్వాటర్నియన్లే ఇప్పుడు తెరమీది విమానాన్ని తిప్పుతున్నాయి. విమానమే లేని కాలంలో పుట్టిన గణితం ఇది. "ఈ లెక్కలు ఎందుకు పనికొస్తయి సార్?" అని అడిగే మిత్రులు గమనించగలరు.

నాలుగవది దూరం పోయేకొద్దీ వణుకు. కంప్యూటర్లు మామూలుగా వాడే 32 బిట్ల దశాంశ సంఖ్యలో నమ్మదగిన అంకెలు సుమారు ఏడే. హైదరాబాదును సున్నా బిందువుగా పెట్టుకుని మీటర్లలో కొలుస్తూ వచ్చామనుకోండి. 100 కిలోమీటర్ల దూరాన, అంటే సుమారుగా మన సిద్దిపేట దాకా వచ్చేసరికి, ఒక సంఖ్యకూ తర్వాతి సంఖ్యకూ ఎడం దాదాపు 8 మిల్లీమీటర్లు. అంతకంటె చిన్న కదలికను ఆ సంఖ్య చెప్పలేదు. అప్పుడు కాక్‌పిట్‌లోని ముల్లులు, మీటలు జ్వరం వచ్చినట్టు వణుకుతాయి. అందుకే సున్నా బిందువును విమానంతోపాటే మోసుకుపోయే ఉపాయం కనిపెట్టారు.

ఇదంతా ఆటలో గనుక నవ్వుకుంటాం. కానీ ఈ జాతి పురుగులు నిజమైన యంత్రాల్లోనూ ఉన్నాయి. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్ వద్ద పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ, వచ్చే స్కడ్ క్షిపణిని ఆపలేకపోయింది. 28 మంది సైనికులు చనిపోయారు. కారణం, ఆ యంత్రం సెకనులో పదవ వంతులుగా కాలం లెక్కించేది. పదవ వంతును ద్విసంఖ్యా పద్ధతిలో పూర్తిగా రాయడం సాధ్యం కాదు. ప్రతిసారీ తెగిపోయిన ఆ చిన్న తునక, యంత్రం 100 గంటలు ఆగకుండా నడిచేసరికి 0.34 సెకను అయింది. ఆ వ్యవధిలో స్కడ్ అర కిలోమీటరుకు పైగా ప్రయాణిస్తుంది. 2007 ఫిబ్రవరిలో హవాయి నుంచి జపాన్ వెళుతున్న ఎఫ్-22 విమానాలు అంతర్జాతీయ దినరేఖ దాటగానే వాటి దారిచూపే కంప్యూటర్లు పడకేశాయి. ఆకాశంలో ఇంధనం నింపే విమానాల వెంట నడిచి అవి క్షేమంగా వెనుదిరిగాయి.

పురుగును పట్టే పద్ధతి

"మీ విమానం మంచిగ లేదు" అని రాస్తే తయారుచేసినవారికి ఏమీ అర్థం కాదు. "పంటకు రోగమొచ్చింది" అంటే వ్యవసాయాధికారి మాత్రం ఏ మందు రాస్తాడు? ఏ ఆకు, ఏ రంగు మచ్చ, ఎన్నాళ్ల పైరు అని అడుగుతాడు. మన ప్రయోగశాల రికార్డు పుస్తకమే దీనికి సరైన నమూనా. ఉద్దేశం, పరికరాలు, విధానం, పరిశీలన, ఫలితం. ఏ విమానం, ఎంత ఇంధనం, ఎంత ఎత్తు, ఎంత వేగం, ఏం చేశాం, ఏం జరగాలి, ఏం జరిగింది. ఒకసారికి ఒక్క అంశమే మార్చాలి. మళ్లీ చేస్తే మళ్లీ జరగాలి. ఇంకొకరి కంప్యూటర్ మీదా జరగాలి. అప్పుడే అది పురుగు. లేకపోతే అది మన చేతివాటమో, గాలివాటమో కావచ్చు.

కోరికల చిట్టా

ఇక విమానాల కోరికలు. ఒక విమానాన్ని నమ్మకంగా తెరమీదికి తేవడానికి ఏళ్లు పడుతుంది. బొమ్మ గీయడం అందులో చిన్న భాగం. రెక్క పట్టికలు, ఇంజను పట్టికలు, కాక్‌పిట్‌లోని ప్రతి మీట చేసే పని, తయారీదారు అనుమతి, ఆ విమానం నడిపినవారి సలహా, ఇవన్నీ కావాలి. మిగ్-21 పాతది, ఎన్నో దేశాలు వాడినది. దాని సమాచారం చాలావరకు బయట ఉంది. కాబట్టి 2014లోనే అది డీసీఎస్ సిమ్యులేటర్‌లోకి వచ్చింది. మన వైమానిక దళంలో 1963లో చేరిన మిగ్-21 కొలువు 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో ముగిసింది. ఇక మీదట దాన్ని నడపాలనుకునే మన పిల్లలకు తెరే గతి.

తేజస్ సంగతి వేరు. 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరిన ఈ విమానం కావాలనే నిలకడ లేకుండా రూపొందించబడింది. నిలకడ లేని విమానం చురుకుగా తిరుగుతుంది, కానీ కంప్యూటర్ క్షణక్షణం సరిదిద్దకపోతే నిలవదు. ఆ సరిదిద్దే సూత్రాలే దాని ప్రాణం, అవే రహస్యం. అవి లేకుండా తేజస్ పెడితే తేజస్ బొమ్మ వస్తుంది గానీ తేజస్ రాదు. అసలు తేజస్ కూడా ఎగరకముందు బెంగుళూరులో సిమ్యులేటర్ల మీదే పరీక్షలకు నిలిచింది. ఆ కార్యక్రమానికి సారథ్యం వహించిన కోట హరినారాయణ గారు తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు.

కోరికకు హద్దు కూడా ఉండాలి. 2021లో ఒక యుద్ధ క్రీడను ఆడే వ్యక్తి, అందులోని బ్రిటిష్ ట్యాంకు నిజమైనదానిలా లేదని నిరూపించడానికి, ఆ ట్యాంకు రహస్య పుస్తకంలోని పేజీలనే బయట పెట్టాడు. ఆట నిజంగా ఉండాలన్న పట్టుదల దేశ రక్షణ కంటె పెద్దది కారాదు.

నా కోరిక అడిగితే నేను మారుత్ అంటాను. జర్మన్ నిపుణుడు కుర్ట్ టాంక్ మార్గదర్శకత్వంలో బెంగుళూరులో రూపుదిద్దుకుని, 1961 జూన్ 17న మొదటిసారి ఎగిరిన విమానం అది. దేహం ధ్వనివేగాన్ని మించడానికి తయారైంది, తగిన ఇంజను మాత్రం దొరకలేదు. అయినా 1971 యుద్ధంలో పనిచేసింది. మేలు జాతి ఎడ్లకు విరిగిన కాడి కట్టినట్టయింది దాని బతుకు. అనుకున్న ఇంజను దొరికి ఉంటే మారుత్ ఎలా ఎగిరేది? చరిత్ర ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఇంజను పట్టిక ఒక్కటి మార్చి చూస్తే సిమ్యులేటర్ చెప్పగలదు.

మనం చేయగలిగినది

ఇవన్నీ పెద్ద నగరాల వాళ్ల పనులని మనలో చాలామంది అనుకుంటారు. కానీ పైన చెప్పిన నాలుగు పురుగులకూ మందు మన పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ శాఖల విద్యార్థులు నలుగురు కూడితే, యుద్ధ విమానం కాకపోయినా, కోమటిచెరువు మీద తిరిగే ఒక చిన్న గ్లైడరును తెరమీద ఎగరేయవచ్చు. అందుకు నాలుగు బలాలు, ఒక పట్టిక, ఒక ఆయిలర్ పద్ధతి చాలు. అది మొదటి రోజే కూలుతుంది. ఎందుకు కూలిందో రికార్డు పుస్తకంలో రాసుకుందాం. వచ్చే సంవత్సరపు సంచికలో ఆ రికార్డునే వ్యాసంగా చదువుకోవాలని నా ఆశ. అధ్యాపకులు మార్గం చూపాలని, ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు చేయూతనివ్వాలని మనవి.