కన్నీళ్ల కథలేనా... ఇంకేం లేవా?

సీరియల్ మాటెత్తగానే మగవాళ్ల మొహాన ఓ చిన్న నవ్వు వస్తుంది, గమనించారా? వాళ్లు ఐదు రోజులు క్రికెట్ చూసినా అది ఆట. మనం అరగంట కూర్చుంటే పనీపాటా లేకపోవడం! సరే, ఆ నవ్వు సంగతి అలా ఉంచండి. నా దిగులు వేరే. చూస్తున్నాం బాగానే ఉంది, చూసి ఏం తీసుకుంటున్నాం?

మన దేశంలో మొదటి టీవీ సీరియల్‌గా చెప్పే 'హమ్ లోగ్' కథ వింటే నా దిగులేమిటో మీకే అర్థమవుతుంది. 1984 జూలై 7న దూరదర్శన్‌లో మొదలై, 1985 డిసెంబరు దాకా 156 భాగాలు వచ్చింది. నేనప్పటికి పుట్టలేదు, అమ్మ చెబితే విన్నదే. దాని మూలం ఎక్కడో మెక్సికోలో ఉంది! అక్కడ మిగెల్ సబిదో అనే ఆయన 1975లో చదువు మానేసిన పెద్దవాళ్లను మళ్లీ పుస్తకం పట్టించడానికి ఓ సీరియల్ తీశాడు. ఆయన లెక్క ఏమిటంటే, కథలో ఒక మంచి పాత్ర, ఒక చెడ్డ పాత్ర, మధ్యలో ఊగిసలాడి చివరికి మారే పాత్ర ఉండాలి. మారే మనిషిని చూసి చూసేవాళ్లూ మారతారని. అదే పద్ధతిలో మనోహర్ శ్యామ్ జోషి 'హమ్ లోగ్' రాశారు. ప్రతి భాగం చివరా అశోక్ కుమార్ వచ్చి నాలుగు మాటలు చెప్పేవారు. నాలుగు లక్షల ఉత్తరాలు వచ్చాయట! మ్యాగీ నూడుల్స్ మన వంటింట్లోకి వచ్చిందీ ఆ సీరియల్ చలవతోనే, స్పాన్సర్లు వాళ్లే కదా.

అందులో తల్లి పేరు భాగవంతి. తాగుబోతు భర్త, సూటిపోటి మాటల అత్తగారు. అన్నీ భరిస్తుంది, నోరెత్తదు. 'ఇలా పడి ఉంటే బతుకు ఇంతే సుమా' అని హెచ్చరించడానికి ఆ పాత్రను పెట్టారు. తరవాత అర్వింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ అనే పరిశోధకులు ప్రేక్షకుల్ని అడిగితే, ఎంతోమంది ఆడవాళ్లు 'భాగవంతే మాకు ఆదర్శం' అన్నారట. రాసినవాళ్లు ఒకటి తలిస్తే మనం ఇంకోటి తీసుకున్నాం!

నలభై ఏళ్ల కిందటి మాట కదా అంటారేమో. 'కార్తీకదీపం' నిన్న మొన్నటిదే. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా పదిహేను వందల పైచిలుకు భాగాలు. మలయాళం 'కరుత్తముత్తు'కు తెలుగు రూపం. రెంటిలోనూ నాయిక ప్రేమి విశ్వనాథే. నల్లపిల్ల కథ చెబుతూ తెల్లటి అమ్మాయికి నల్లరంగు పూశారేమిటో నాకిప్పటికీ అర్థం కాదు. ఆ రోజుల్లో మా స్టేషన్ ఘన్‌పూర్‌లో రాత్రిపూట ఏ ఇంటి ముందు నిలబడ్డా వంటలక్క గొంతే. కాజీపేట వైపు గూడ్సు బండి పోతుంటే మాటలు వినపడక, "ఏమన్నడు? డాక్టర్ బాబు ఏమన్నడు?" అని అరుచుకునేవాళ్లం.

మా వాకిట్లో కూర్చున్నప్పుడు డిగ్రీ చదివి పెళ్లి కుదిరిన అమ్మాయి ఒకతె అంది: "దీపకున్నంత ఓపిక మనకుంటే చాలు ఆంటీ." వరి నాట్లకు పోయే పెద్దమ్మ ఊరుకుంటుందా? "ఏం ఓపికనే అది? పిల్లలు నీకు పుట్టలేదన్నోని వెనుక ఎన్నేండ్లు తిరుగుతది? నేనైతే ఎప్పుడో మొకమ్మీద చెప్పి, కూలికి పోయి పిల్లలను సాదుకుందు." చదువుకున్నదీ చదువుకోనిదీ ఎవరో అని ఆ రాత్రంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

అందం గొడవ మనకొక్కరికే కాదు లెండి. 1999లో కొలంబియాలో ఫెర్నాండో గైతాన్ బెట్టీ అనే పిల్ల కథ రాశాడు. పళ్లకు క్లిప్పు, కళ్లకు దళసరి అద్దాలు, తలనిండా తెలివి. అదే 2003లో మన సోనీలో 'జస్సీ' అయింది, 2006లో అమెరికాలో 'అగ్లీ బెట్టీ' అయింది. దేశం ఏదైనా చూసే ఆడవాళ్ల గుండెలో ముల్లు ఒకటే! కానీ కొలంబియాలోనూ, ఇక్కడా చివరికి ఆ పిల్లను అందంగా తయారుచేస్తేగానీ రచయితలకు తృప్తి కలగలేదు.

నన్నడిగితే ఓర్పు కథల్లో జపాన్ 'ఓషిన్' తీరే వేరు. 1983లో ఎన్‌హెచ్‌కే వాళ్లు మొదలుపెట్టి 297 భాగాలు వేశారు. రాసింది సుగాకో హషిదా అనే రచయిత్రి. ఏడేళ్ల పిల్లను బియ్యం బస్తాకు పనికి పంపిస్తారు. ఆమే పెద్దయ్యాక వ్యాపారం నడుపుతుంది. మధ్యలో అత్తగారు పెట్టే ఆరళ్లు చూస్తే మన సీరియళ్ల అత్తలు దేవతలు! ఓషిన్ కూడా ఓర్చుకుంటుంది, కాకపోతే కూర్చుని కాదు, ఏదో ఒకటి అమ్ముకుంటూ. ఇరాన్‌లో ఆ కథ ఎంతగా పాకిందంటే, ఓషిన్ అత్తవారి ఇంటిపేరు మీదుగా పాత బట్టల అంగళ్లను 'తానాకురా' అనడం మొదలెట్టారు.

మన దగ్గరా అలాంటిది లేకపోలేదు. 1989లో వచ్చిన 'ఉడాన్' కవితా చౌధరీ రాసి, తీసి, నటించినది. సర్ఫ్ ప్రకటనలో లలితాజీ ఆవిడే. 2024లో పోయారు. పోలీసు అధికారి అయిన అక్క కాంచన్ బతుకే ఆ కథకు ఆధారం. 2004లో ఆ కాంచన్ గారే ఉత్తరాఖండ్ డీజీపీ అయ్యారు. మన దేశంలో ఒక రాష్ట్ర పోలీసుకు అధిపతి అయిన తొలి మహిళ.

సీరియళ్లతో ఒరిగేదేముందనే వాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మన పల్లెల్లోకి కేబుల్ టీవీ వచ్చాక ఏమైందో రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ 2009లో అచ్చువేశారు. కేబుల్ వచ్చిన ఊళ్లలో భర్త కొట్టడం తప్పులేదనే ఆడవాళ్లు తగ్గారట, కొడుకే కావాలనే పట్టూ సడలిందట. ఏడుపు సీరియళ్లు చూస్తూనే! పట్నం ఆడవాళ్లు తెర మీద ఉద్యోగానికి పోవడం, సొంత డబ్బు చేతిలో పెట్టుకోవడం కంటబడుతుంది కదా.

ఇప్పుడు ఫోన్‌లోనే ప్రపంచమంతా ఉంది. స్పెయిన్ దొంగల 'మనీ హీస్ట్', కొరియా 'స్క్విడ్ గేమ్' తెలుగు మాట్లాడుతున్నాయి. మొదటిది తమాషాగా ఉంది. రెండోది పిల్లలతో చూడొద్దు, రక్తం మరీ ఎక్కువ. నాకు నచ్చింది కొరియా వాళ్లదే 'రిప్లై 1988'. ఒకే సందులో ఐదు కుటుంబాలు. సాయంత్రమైతే ఈ ఇంటి కూర గిన్నె ఆ ఇంటికి, ఆ ఇంటిది ఇంకో ఇంటికి. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదనే మర్యాద అక్కడా ఉంది!

హిందీ 'పంచాయత్' మన భాషలో 2025 జనవరిలో 'శివరపల్లి'గా వచ్చింది, తెలంగాణ పల్లె మాటలతో. సర్పంచ్ భార్య, పెత్తనం భర్తది. నవ్వించే కథే గానీ, స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లకున్న మన రాష్ట్రంలో ఆ నవ్వు కొంచెం గుచ్చుకుంటుంది. హిందీ మొదటి భాగాల ముగింపులో మంజూదేవి కష్టపడి నేర్చుకుని, గణతంత్ర దినాన జనం ముందు నిలబడి జనగణమన పాడుతుంది. కుటుంబమంతా కలిసి చూడదగ్గది.

ప్రస్తుతం మా ఇంట్లో నడుస్తున్నది కొరియాదే, 2003 నాటి 'జ్యుయెల్ ఇన్ ది ప్యాలెస్'. రాజుగారి వంటశాలలో చేరి, ఆఖరికి రాజవైద్యురాలైన ఆడమనిషి కథ. యాభై నాలుగు భాగాలు. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలను మా అత్తమ్మకు నేనే తెలుగులో చెబుతుంటాను. వంట పోటీ వచ్చిందంటే మాత్రం నన్ను నోరు తెరవనివ్వదు. "జర ఆగు పిల్లా, గా చేపను ఎట్ల కోస్తున్నరో చూడనియ్యి" అంటుంది.