తాతగారికి సారె

ఆడపిల్ల అత్తవారింటికి వెళ్ళేటప్పుడు సారె పెడతాము. అల్లుడు పండుగకు వస్తే బట్టలు పెడతాము. బాలింతకు కాయం, పసిబిడ్డకు మొలతాడు, పురోహితునికి స్వయంపాకం - ఎవరికి ఏది ఇవ్వాలో మన పెద్దలు ఏర్పాటు చేసి పెట్టారు. ఇవన్నీ దగ్గరుండి జరిపించే తాతగారికి ఏమివ్వాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుచేత ఆయనకు ఏది తెచ్చినా "ఇదెందుకు, దండగ!" అనే మాట తప్పడంలేదు.

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. స్వెట్టరు తెస్తే "కవరైపేట్టైలో చలెక్కడిది?" అంటారు. గడియారం తెస్తే "పాతది నడుస్తూనే ఉన్నది గదా" అంటారు. పట్నం అంగళ్ళలో రంగుకాగితం చుట్టి అమ్మే కానుకల బుట్ట తెస్తే, అందులో సగం ఆయన తినకూడనివి, తక్కిన సగం ఆయనకు అక్కరలేనివి. ఒకప్పుడు పదిమందికి పెట్టిన చెయ్యి అది. ఊరికే పుచ్చుకోవడం ఆ చేతికి అలవాటు లేదు. కాబట్టి మెచ్చని తాతగారి విషయంలో మేము పెట్టుకొన్న నియమం ఒక్కటే: బుట్టలోని ప్రతి వస్తువూ ఆయనకు ఏదో ఒక పని చెప్పాలి.

మా తాతగారికి ఈ ఏడు సహస్రచంద్ర దర్శనం. అధిక మాసాలతో కలిపి లెక్క వేస్తే మనిషికి 81వ ఏట 1000వ పున్నమి వస్తుంది. ఆ సందర్భానికి ఇంటిల్లిపాదీ కలిసి ఒక బుట్ట కూర్చాము. దాన్ని ఎట్లా కూర్చామో చెబితే మరికొందరికి పనికివస్తుందని వ్రాస్తున్నాము.

పూలకు దారం ఉన్నట్లు బుట్టకు ఒక వరుస ఉండాలి. మేము ఎంచుకొన్న వరుస, ఈ ప్రాంతపు తెలుగు. మద్రాసు నుంచి గూడూరు పోయే రైలుదారిలో పొన్నేరికీ గుమ్మిడిపూండికీ నడుమ ఉన్నది మా ఊరు. అంగట్లో తమిళం, ఇంట్లో తెలుగు. 1960 ఏప్రిల్ 1న మద్రాసు, ఆంధ్ర రాష్ట్రాల ఎల్లలు మారి, చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి ఇటు వచ్చింది. మన పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాలలోని కొన్ని పల్లెలు అటు పోయాయి. అప్పటికి తాతగారు పదిహేనేళ్ళ కుర్రవాడు. ఆయన చదువు తెలుగు, జాబులు తెలుగు, జమాఖర్చు తెలుగు. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడులలో 1వ తరగతి మొదలు తమిళం తప్పనిసరి పాఠ్యమయింది. అది ఉన్న ఊరి భాష, నేర్వవలసినదే. అయితే మా పిల్లలు తాతగారితో తెలుగే మాట్లాడతారు గాని, ఆయన వ్రాసిన చీటీ చదవలేరు. అటక మీది తెలుగు కాగితాల కట్ట విప్పి చదవగలవారు ఈ ఇంట్లో ఆయన తరువాత అంతంతమాత్రమే. ఈ సంగతే మా బుట్టకు వరుస అయింది.

ఇక వస్తువులు.

మొదటిది బుట్టే. పొన్నేరి దారిన పోతే పళవేర్కాడు వస్తుంది. ఇంగ్లీషువారు పులికాట్ అన్నారు. మన తెలుగువారు ఆ సరస్సును ప్రళయకావేరి అన్నారు. అక్కడి ఆడవారు తాటాకుతో అందమైన బుట్టలు అల్లుతారు. మూత ఉన్నది ఒకటి తెచ్చాము. లోపలివి తీసిన తరువాత కళ్ళజోడు, మందులు, చిల్లర పెట్టుకోవడానికి పనికివస్తుంది. దండగ అనే మాటకు ఇది తొలి జవాబు.

రెండవది ఎనిమిది మూరల నూలు పంచె. గంజి పెట్టి నిలబెట్టిన కొత్త పంచె ముసలి ఒంటికి గుచ్చుకొంటుంది. ఒకసారి తడిపి, నీడను ఆరవేసి, అంచుకు పసుపు పెట్టి మడిచాము.

మూడవది అమృతాంజనం సీసా. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో దీనిని ప్రారంభించారు. ఆంధ్రపత్రికను అక్కడే 1908లో వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసులో దినపత్రికగా నడిపించినదీ వారే. తలనొప్పి మందు అమ్మిన సొమ్ము ఒక పత్రికను ఎట్లా నిలబెట్టిందో పిల్లలకు తాతగారే చెప్పాలి.

నాలుగవది తెలుగు పంచాంగం. ఇరుగుపొరుగు తమిళులకు ఏడాది ఏప్రిల్ నడుమ మొదలవుతుంది; మనకు చైత్ర శుద్ధ పాడ్యమికి. ఉగాదినాడు పంచాంగం విప్పి ఇంటివారందరికీ రాశిఫలాలు చదవడం తాతగారి హక్కు. కొత్తది తెచ్చి ఆ హక్కును ఆయన చేతిలో పెట్టాము.

అయిదవది స.వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు'. ఈ సరస్సు చుట్టుపట్ల పల్లెల పలుకుబడిలో వ్రాసిన పుస్తకం. దానికి తోడు పిడి ఉన్న భూతద్దం. "మన మాటలు అచ్చులో ఎట్లా ఉంటాయో చూడండి" అని మాత్రం చెప్పాము.

ఆరవది పది పోస్టుకార్డులు. సూళ్ళూరుపేట, నగరి, తిరుపతి - ఆయన చిన్ననాటి స్నేహితులలో ఉన్నవారి చిరునామాలు కార్డుల మీద ముందే వ్రాసి పెట్టాము. వణికే చేతికి చిరునామా కష్టం. కుశలం కష్టం కాదు.

ఏడవది గట్టి అట్ట నోటు పుస్తకం. ప్రతి పుట మీద ఒక్క ప్రశ్న వ్రాశాము. మన పెరటి బావి ఎవరు తవ్వించారు? అవ్వను చూడబోయిన నాడు ఏ బండిలో పోయారు? ఎల్లలు మారిన ఏడు ఊళ్ళో ఏమనుకొన్నారు? కింద అంతా ఖాళీ.

చివరిది పెద్దబాలశిక్ష, ఒక పలక, డబ్బీడు బలపాలు.

తినుబండారాల జోలికి పోలేదు. ఆ వయసు పళ్ళకు మురుకులు, రక్తపు పోటుకు ఊరగాయ, చక్కెర జబ్బుకు మైసూరుపాకు - మూడూ శత్రువులే. శొంఠిపొడి సీసా ఒకటి మూల ఉంచాము.

ఇవ్వడంలో కూడా పద్ధతి ఉన్నది. బంధువులు మూగి చూస్తుండగా ఇవ్వకూడదు. నలుగురిలో ఆయన ముఖం బిగుసుకొంటుంది. పొద్దున స్నానమయి, కాఫీ తాగి కూర్చున్నప్పుడు పిల్లల చేత ఇప్పించి నమస్కారం చేయించాలి. "నచ్చిందా?" అని అడగరాదు.

మా తాతగారు అలవాటు ప్రకారం "ఇవన్నీ ఎందుకు?" అన్నారు. పంచె అంచు వేళ్ళతో నలిపి చూసి పక్కన పెట్టారు. బాలశిక్ష తీసి "ఇది ఎవరికి?" అన్నారు.

"నాకే తాతా. నువ్వు చెప్పియ్యాలంట" అన్నాడు మనుమడు.

ఆయన ఇంకేమీ అనలేదు. కళ్ళజోడు తుడుచుకొని, పలక ఒళ్ళోకి తీసుకొన్నారు. ఇప్పటికి నోటు పుస్తకంలో పదకొండు పుటలు నిండాయి. మనుమడు గుణింతాలలో 'కౌ' దాకా వచ్చాడు.

ఇదే బుట్ట అందరికీ సరిపడదు. మీ తాతగారు రైల్వేలో పని చేసినవారైతే వరుస వేరు: మంచి టార్చిలైటు, ఆయన పని చేసిన స్టేషన్ల పేర్లు వరుసగా వ్రాసిన పటం, ఒకరోజు వెంట ఉండి ఆ దారిన తీసుకుపోతామన్న చీటీ. సేద్యం చేసినవారైతే సొర, బీర, చిక్కుడు విత్తనాలు పొట్లాలు కట్టి, చిన్న దోకుడుపార జత చేయండి. నేత పనివారైతే మంచి నూలుబట్ట ఒకటి పెట్టి, దాని నేత మంచిచెడ్డలు చెప్పమనండి. ఖర్చు కాదు ముఖ్యం. ఆయనకు వచ్చినదీ, మనకు రానిదీ ఏమిటో కనిపెట్టి, దాన్ని అడిగే వస్తువు బుట్టలో ఒకటి ఉంటే చాలు.

చదువరులలో ఎవరైనా తమ తాతగారికి ఇటువంటి సారె పెట్టి ఉంటే, ఏయే వస్తువులు పెట్టారో, ఆయన ఏమన్నారో వ్రాసి పంపగోరుతున్నాము. "దండగ" అన్నా సరే, దాచకుండా వ్రాయండి.