ముఖం కోసం పుట్టిన లెన్సు

1839లో ఫోటో తీసే డాగెర్ పద్ధతిని ప్యారిస్‌లో ప్రకటించినప్పుడు భవనాలు, వీధులు, విగ్రహాలు పలక మీదికి ముచ్చటగా దిగాయి. మనుషులే దిగలేదు. నాటి షెవాలియర్ లెన్సు ఎపర్చర్ సుమారు ఎఫ్/16. అంత సన్నటి వెలుగుకు ఎండలోనైనా నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి. అలా కూర్చున్న ముఖంలో జీవం ఎక్కడుంటుంది?

ఈ చిక్కును విప్పినవాడు వియన్నాలోని గణిత ఆచార్యుడు యోజెఫ్ పెట్స్‌వాల్. గాజును అరగదీసి చూడటం, నచ్చకపోతే మళ్లీ అరగదీయడం అప్పటిదాకా ఉన్న పద్ధతి. ఆయన ముందు కాగితం మీద లెక్క కట్టాడు. ఆ లెక్కలకు ఫిరంగిదళ సైనికులు సాయంపట్టారు. 1840లో తయారైన ఎఫ్/3.6 లెన్సు దాదాపు 20 రెట్లు ఎక్కువ వెలుగు పట్టింది. ఫోటో స్టూడియోల వ్యాపారం దీనితోనే నిలదొక్కుకుంది. లెన్సు తయారుచేసిన ఫోక్ట్‌లెండర్ సంస్థ లాభపడింది. ఏకమొత్తంగా కొంత సొమ్ముతో సరిపెట్టుకున్న పెట్స్‌వాల్ తర్వాత దానితో తెగతెంపులు చేసుకున్నాడు.

ఈ లెన్సులో నడుమ భాగం స్పష్టంగా ఉండి, అంచులు సుళ్లు తిరుగుతాయి. కొండలు, కోటలు తీసేవారికి అది లోపం. ముఖం తీసేవారికి అదే వరం, ఎందుకంటే చూపు నడుమనే నిలుస్తుంది.

1896లో జైస్ సంస్థలో పాల్ రుడాల్ఫ్ రూపొందించిన ప్లానార్ లెన్సు అంచుల దాకా స్పష్టత తెచ్చింది. ఆరు గాజు ముక్కల ఆ అమరికే కాలక్రమంలో మారుతూ నేటి చౌక 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సుల్లోకి వచ్చింది. కానన్ 1990లో తెచ్చిన రెండో రకం బరువు 130 గ్రాములే. కెమెరాకు బిగించే వలయం కూడా ప్లాస్టిక్‌దే. ఎపర్చర్ రెక్కలు ఐదే కాబట్టి కాస్త మూసి తీస్తే వెనకాల దీపాలు ఐదు మూలల బిళ్లల్లా పడేవి. 2015 రకంలో రెక్కలు ఏడు.

కొత్తగా పోర్ట్రెయిట్లు మొదలుపెట్టేవారు ఖరీదైన బాడీ కంటే ముందు ఇలాంటి లెన్సు కొనడం తెలివైన పని. కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్సు 55 దగ్గర ఎఫ్/5.6కే తెరుచుకుంటుంది, ఎఫ్/1.8 దానికి దాదాపు పది రెట్ల వెలుగు ఇస్తుంది. చిన్న సెన్సర్ ఉన్న ఏపీఎస్-సీ బాడీ మీద 50 ఎంఎం, ఫుల్‌ఫ్రేమ్ మీద 75-80 ఎంఎం చూపించేంత మేరే చూపిస్తుంది. అందువల్ల ఛాతీ వరకు తీయాలంటే ఫోటోగ్రాఫర్ కొంచెం వెనక్కి జరగాలి, ముక్కు ఉబ్బినట్టు పడదు. ఇరుకు గదిలో మాత్రం వీపు గోడకు తగులుతుంది. అక్కడ 35 ఎంఎం నయం.

ఎపర్చర్ ఎప్పుడూ పూర్తిగా తెరిచి ఉంచడం కొత్తవారి సరదా. ఏపీఎస్-సీ మీద మీటరున్నర దూరంలో ఎఫ్/1.8 దగ్గర స్పష్టంగా ఉండే లోతు సుమారు 6 సెంటీమీటర్లు. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు, చెవి మాత్రం మసకబారుతుంది. ఎఫ్/2.8కి తగ్గిస్తే ఆ లోతు 9 సెంటీమీటర్లు దాటుతుంది. ఫోకస్ పాయింటును కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీద పెడితే మిగతా ముఖం కొద్దిగా మెత్తబడినా ఫోటో చెడదు.