గోడవతల పూలు

ఇంట్లో కుండీలకు జాగా ఉండగా వీధిలో మొక్కలు పెట్టి నీళ్లు మోయడం ఎందుకని మా అల్లుడు అడుగుతుంటాడు. హైదరాబాద్ కాలనీల్లో ఈ పనికి దిగిన వాళ్లనెవరినైనా కదిపి చూడండి, పూల కంటే ముందు చెత్త సంగతి ఎత్తుతారు. మా మలుపులో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన రోజూ కవర్లు విసిరేసి పోయేవారు. చెత్త వేయరాదని బోర్డు పెడితే దాని కిందే వేశారు. ఆ జాగా ఊడ్చి, ఎర్రమట్టి పోయించి బిళ్ళగన్నేరు నాటాక విసిరే చెయ్యి కాస్త జంకింది. బెంగళూరులో 2010 నుంచి ‘ది అగ్లీ ఇండియన్’ వాళ్లు తమ పేర్లు చెప్పుకోకుండా చేస్తున్నదీ ఇదే: కుప్ప ఎత్తి, గోడకు రంగేసి, కుండీలు పెట్టడం.

మొక్కలకు కరువు లేదు. తెలంగాణలో 2015లో మొక్కలు నాటే హరితహారం పథకం మొదలైంది. 2019 మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే పెట్టమంది. ఏప్రిల్ ఎండలో నీళ్లు పోయడానికి మాత్రం ఆ వీధి మనిషే కావాలి. మేం ఏసీ నీళ్లు బకెట్లలో పడతాం. వాటర్ ఫిల్టర్ వదిలే ఉప్పునీళ్లు గన్నేరుకు పోస్తాం, అది ఓర్చుకుంటుంది. దాని ఆకు విషం కాబట్టి మేకలు ముట్టవు. హైవే డివైడర్ల మీద అంత గన్నేరు కనబడేది అందుకే. కొమ్మ తుంచితే చెయ్యి కడుక్కోవాలి, పసిపిల్లలున్న గేటు పక్కన నాటకూడదు. మలుపులో మోకాలెత్తు దాటే మొక్క అసలే వద్దు, ఎదురొచ్చే బండి కనబడదు.

ఇక పూలు కోసుకుపోయేవాళ్లు! తెల్లారకముందే సంచీతో వాకింగ్‌కొచ్చే పెద్దమనుషులు నందివర్ధనాన్ని మొగ్గలతో సహా దూసేస్తారు. దేవుడి పేరు చెప్పి చేసే ఈ దొంగతనమంటే నాకిప్పటికీ మంటే. మూడో ఇంటి కోడలు మాత్రం, “పోనీండి పిన్నిగారూ, ఇన్నేళ్లూ మొహం చాటేసినవాళ్లు ఇప్పుడు ఆగి పలకరిస్తున్నారుగా” అంటుంది. అదీ నిజమే. ఎదుటి అపార్ట్‌మెంట్‌లో ఎవరుంటారో మాకు తెలిసింది ఈ మడి దగ్గరే. ఆషాఢంలో వాళ్ల పిల్లలు పోసిన బంతి నారు బతుకమ్మ నాటికి విరగబూస్తే అందరం కోసుకున్నాం.

పోయినేడు కేబుల్ కోసం తవ్వి సగం మడి లేపేశారు. ఫిర్యాదు ఎవరికి రాయాలో మేం వాట్సాప్‌లో తేల్చుకునేలోపే, ఆ గ్రూపులో లేని వాచ్‌మన్ భార్య వేళ్లున్న మొక్కల్ని తడిగోనెలో చుట్టి నీడన పెట్టింది. సాయంత్రం ఆ తవ్వినవాళ్ల చేతే మట్టి పూడ్పించి మళ్లీ నాటించింది.