వైద్యాలయ నిర్మాణము – పరిసర ధర్మము

వైద్యశాల రోగికి మేలు చేయుటకై ఏర్పడినది. అందుకై అది గాలిని, నీటిని, విద్యుత్తును వినియోగించును. పిదప మురుగును, పొగను, వ్యర్థమును వెలుపలికి విడుచును. గోడకు లోపల జరిగిన ఉపకారము వెలుపలివారికి అపకారముగా పరిణమించినచో వైద్యధర్మము నెరవేరినదని చెప్పవచ్చునా? హెల్త్ కేర్ వితౌట్ హార్మ్ అను అంతర్జాతీయ సంస్థ 2019లో ప్రకటించిన గణన ప్రకారము, లోకమున మానవ కార్యములవలన వెలువడు హరితగృహ వాయువులలో సుమారు 4.4 శాతము వైద్యరంగమునకు సంబంధించినది. కావున ఈ ప్రశ్న గృహనిర్మాణ శాస్త్రమునకు మాత్రమే పరిమితమైనది కాదు. నీతివిచారమునకు కూడ చెందినది.

వైద్యమునకును గృహమునకును గల సంబంధమును మన ప్రాచీనులు గుర్తించియుండిరి. చరకసంహిత సూత్రస్థానమున 15వ అధ్యాయము చికిత్సకు ముందు సమకూర్చుకొనవలసిన వానిని పేర్కొనును. వానిలో మొదటిది ఇల్లు. అది దృఢముగా నుండవలెను. పెనుగాలి తాకరాదు, కాని ఒక భాగమున గాలి చక్కగా ఆడవలెను. పొగ, ఎండ, దుమ్ము, నీరు లోనికి చొరరాదు. నీటివసతి, స్నానభూమి, వంటశాలలతోపాటు మలవిసర్జన స్థానము కూడ అచ్చట చెప్పబడినది. అనగా మందుకంటె ముందుగా ఇల్లే చికిత్సాంగముగా పరిగణింపబడినది.

తెలుగుదేశమున ఇందుకు సంబంధించిన వేరొక అంశము మల్కాపుర శిలాశాసనమున కానవచ్చును. కాకతీయ రుద్రమదేవి కాలమున, 1261లో వెలసిన ఈ శాసనము గోళకీమఠాచార్యుడైన విశ్వేశ్వర శంభువు నెలకొల్పిన ధర్మసంస్థలను వర్ణించును. వానిలో ప్రసూతిశాల, ఆరోగ్యశాల కలవు. వాని పోషణకు గ్రామాదాయము వినియోగింపబడినది. పరిసర రక్షణమను నేటి భావమును ఈ శాసనమునకు అంటగట్టుట యుక్తము కాదు. కాని వైద్యశాలను కట్టుట ఒకనాటి పని, దానిని నడుపుట నిత్యమైన పని యను వివేకము ఇందు స్పష్టము. నడుపుటకు కావలసిన వనరును ముందుగా ఆలోచింపక కట్టిన కట్టడము రాబోవు వారిపై మోపిన ఋణము వంటిది.

ఆధునిక కాలమున ఈ విచారమునకు తగిన ఉదాహరణము మదనపల్లె సమీపమునందలి ఆరోగ్యవరము. అనేక క్రైస్తవ మిషనులు కలసి నెలకొల్పిన ఈ క్షయచికిత్సాలయము 1915లో ప్రారంభమైనది. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమొడ్ట్-మోలర్ దీనికి అధ్యక్షుడుగా పనిచేసెను. సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తుననున్న ఆ పీఠభూమిలో పొడిగాలి, వెలుతురు, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము చికిత్సకు ఆధారములు. క్షయక్రిమిని చంపు మందు అప్పటికి లేదు. స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని కనుగొనబడలేదు. మందులు వచ్చిన పిదప అట్టి విశాలమైన కిటికీలు, ఎత్తైన కప్పులు పాతకాలపు విషయములుగా తోచినవి. కాని 2007లో వెలువడిన ఒక పరిశోధన వేరొక సత్యమును తెలిపినది. పెరూ దేశపు లిమా నగరమున ఎనిమిది వైద్యశాలలను పరీక్షింపగా, ఏబది ఏండ్లకు పూర్వము కట్టిన గదులలో కిటికీలు తెరచినపుడు గంటకు సుమారు 40 మార్లు గాలి మారినది. క్రొత్త గదులలో సుమారు 17 మార్లే మారినది. గాలి మారినకొలది క్షయ వ్యాపించు భయము తగ్గును. ఇచ్చట రోగి క్షేమమును, ఇంధనపు పొదుపును ఒకే కిటికీ సాధించినది.

అయితే ప్రతి సందర్భమున ఈ రెండును ఏకీభవింపవు. శస్త్రచికిత్సాగారమునకు వడపోసిన గాలి తప్పదు. కోస్తా జిల్లాల వేసవిలో వడదెబ్బ తగిలినవానిని కిటికీగాలికి విడుచుట దయ కాదు. ఒకరికి వాడిన సూదిని వేరొకరికి వాడుటవలన కామెర్లు వ్యాపించును. అది పొదుపు కాదు, ద్రోహము. పరిసరముపేర జరుగు పొదుపు రోగి భాగమునుండి, అందును పేదరోగి భాగమునుండి తీయరానిది. ఇది మొదటి నియమము.

రెండవ నియమము పొరుగువారిని గూర్చినది. సూదిని ఒకమారే వాడుట ధర్మమైనపుడు, ఆ సూది తుదకు ఎచ్చటికి చేరునో విచారించుటయు ధర్మమే. మన దేశమున వైద్యవ్యర్థములను గూర్చిన నియమములు 1998లో ఏర్పడి, 2016లో సవరింపబడినవి. వీని ప్రకారము 75 కిలోమీటర్లలోపల ఉమ్మడి శుద్ధికేంద్రపు సౌకర్యము ఉన్నచో ఆసుపత్రి తన ఆవరణములో వేరొక కేంద్రమును పెట్టుకొనరాదు. ఇది మేలైన ఏర్పాటే. కాని వ్యర్థము కంటికి దూరమగుట నశించుట కాదు. అది వేరొక గ్రామమునకు పొరుగగును. క్లోరిను కలిగిన ప్లాస్టికును సరిగా కాల్చనిచో డయాక్సినులను విషపదార్థములు పుట్టును. వార్డులోనే వ్యర్థమును వేరుపరచుటకు తగిన స్థలము కట్టడపు పటములో చూపబడనిచో, ఆ తప్పునకు ఫలమును అనుభవించువారు ఆ పటమును ఎన్నడును చూడనివారు.

మూడవ నియమమును మద్రాసు క్షయ పరిశోధన కేంద్రపు అనుభవము సూచించును. 1956లో ప్రారంభమై 1959లో ప్రకటితమైన ఆ పరిశోధనలో ఇంటివద్ద మందు తీసికొనిన పేదరోగులు చికిత్సాలయములో చేరినవారితో ఇంచుమించు సమానముగా కోలుకొనిరి. ఇంటివారికి రోగము సోకు ప్రమాదము ఎక్కువ కాలేదు. కావున ఎట్లు కట్టవలెను అను ప్రశ్నకు ముందు, కట్టుట అవసరమా అని అడుగవలెను. రోగిని ఇంటివద్దనే స్వస్థపరచగలిగినపుడు ఆ పడకకై భూమిగాని, నీరుగాని, విద్యుత్తుగాని వ్యయము కాదు. కాని ఇంటికి మందును, పర్యవేక్షణమును చేర్చు బాధ్యతను విడిచినచో అది చికిత్స కాదు, నిరాకరణము.

వైద్యాలయము ఒకమారు కట్టబడిన పిదప ఏబది, అరువది ఏండ్లు నిలుచును. కిటికీ ఏ దిక్కున నుండవలెను, మురుగు ఎచ్చటికి పోవలెను అను నిర్ణయములు పటము గీయునాడే జరుగును. ఆ సభలో రోగికి గాని, దిగువ గ్రామమువానికి గాని, పుట్టబోవు వానికి గాని స్థానము లేదు. వారి పక్షమున ఆలోచించుట పటము గీయువానికిని, దానిని ఆమోదించువానికిని విధి.