ఊహ ఎచ్చటనుండి వచ్చును?

క్రొత్త ఊహ యనునది కొందఱికే పుట్టుకతో లభించు వరమని మనలో పెక్కుమంది నమ్ముదురు. మేమును చాలకాలము అట్లే నమ్మితిమి. కాగితము ముందిడుకొని, ఏమైనను వ్రాయవచ్చునని కూర్చుండిననాడు మాకు ఒక్క వాక్యమైనను నడచెడిది కాదు. ఆ స్వేచ్ఛయే అడ్డుపడుచున్నదని మాకు తెలిపినది సమస్యాపూరణము.

సమస్య యనగా సాధారణముగా పద్యములోని కడపటి పాదము. పృచ్ఛకుడు దానిని లోకవిరుద్ధముగ కూర్చి యిచ్చును. తక్కిన మూడు పాదములతో కవి దానికి అర్థము కల్పింపవలెను. అభ్యాసమునకై మేమొక తేటగీతి పాదము కూర్చితిమి:

"పురుషుఁడే పెండ్లికూఁతురై పుస్తె దాల్చె."

వినినంతనే ఇది జరుగరానిదని మనస్సు తలుపు మూసికొనును. కాని "జరుగునా?" యని గాక, "ఎచ్చట జరుగును?" అని అడిగి చూడుడు. వెదకుటకు చోటు దొరకును. కలలో జరుగవచ్చును, పిల్లల పెండ్లియాటలో జరుగవచ్చును. ఇవి అంతగా రాణింపవు. నాటకరంగముపై నిజముగనే జరిగినది! స్త్రీలు అరుదుగా రంగమెక్కిన దినములలో స్త్రీపాత్రలను పురుషులే ధరించిరి. సత్యభామ పాత్రకు పేరొందిన స్థానం నరసింహారావుగారి (1902–1971) సంగతి తెలిసినవారికి పూరణ సగము చేతికి వచ్చినట్లే.

ఇరుకైన నియమము మనస్సును వాడుకదారినుండి తప్పించినది. ఎన్నడో పోగుచేసికొన్న ఎఱుక ఆ క్రొత్తదారిలో ఎదురుపడినది. నాటకముల సంగతి ఎఱుగనివానికి ఈ ద్వారము కానరాదు. అవధానసభలలోని నిషిద్ధాక్షరి మఱింత కఠినము. కవి ఒక్కొక్క అక్షరము చెప్పగనే, తరువాత రాదగిన అక్షరమును పృచ్ఛకుడు ఊహించి నిషేధించును. తొలుత తోచిన మాట పోవును, రెండవదియు పోవును. మూడవది పదముల నిల్వ యున్నవానికే తోచును. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు (1870–1950) తిరుపతిశాస్త్రిగారితో కూడి సభలలో చూపిన వేగము వెనుక ఏండ్ల చదువున్నది. చూచువారికి వేగమే కనబడును.

దీనికి ఛందస్సే రానక్కఱలేదు. దత్తపదిలో నాలుగు పొంతనలేని పదములిచ్చి పద్యము చెప్పుమందురు. ఇంటిలో పిల్లలకు గొడుగు, ఉప్పు, ఉత్తరము, పిల్లి అని నాలుగు మాటలిచ్చి చిన్నకథ చెప్పుమనుడు. మొదటిది పేలవముగ నుండును. "ఇది కాదు, మఱొకటి" యని మూడవదాని వఱకు అడుగుడు. మా యింటి చిన్నది మూడవమాఱు చెప్పిన కథలో, ఉప్పు తెచ్చుటకు వెళ్లిన గొడుగు, వానకు ఉప్పు కరగునని భయపడి అంగడిలోనే నిలిచి ఇంటికి ఉత్తరము వ్రాసినదట! పిల్లికి మాత్రము చోటు దొరకలేదు. దానికొఱకు ఇంకను ఆలోచించుచున్నది.